‘మాదీ మామూలు కుటుంబమే’: స్టార్ అయ్యాక పాత రోజుల్ని ఏ దారిలో చెప్పుకోవాలి?

2023 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘బెక్‌హమ్’ డాక్యుమెంటరీ సిరీస్‌లో ఒక చిన్న సీన్ ఉంది. ఒకప్పటి స్పైస్ గర్ల్స్ గాయని విక్టోరియా బెక్‌హమ్ కూర్చుని, తమది బాగా కష్టపడే కుటుంబమని, వర్కింగ్ క్లాస్ అని చెబుతూ ఉంటుంది. ఆమె భర్త, ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ తలుపు సందులోంచి తల పెట్టి, నిజం చెప్పమంటాడు. నిజమే చెబుతున్నానంటుంది. ‘మీ నాన్న నిన్ను ఏ కారులో స్కూల్లో దింపేవాడు?’ అని అడుగుతాడు. ఆమె దాటవేయబోతుంది. అతను వదలడు. చివరికి, ఎనభైల్లో మా నాన్నకు రోల్స్ రాయిస్ ఉండేదని ఒప్పుకుంటుంది. అతను థ్యాంక్యూ చెప్పి వెళ్లిపోతాడు.

ఆ క్లిప్ ప్రపంచమంతా తిరిగింది. అందులో నాకు నచ్చింది ఆ ప్రశ్న. ‘మీరు పేదవాళ్లా?’ అని అడిగితే గంటసేపు వాదించుకోవచ్చు. ‘ఏ కారు?’ అంటే ఒక్క మాటలో తేలిపోతుంది.

కొత్తగా పేరొస్తున్న గాయకులకు బయోలు, అంటే చిన్న పరిచయాలు రాయడం, ఇంటర్వ్యూకి ముందు ఏం చెప్పాలో వాళ్లతో కూర్చుని మాట్లాడుకోవడం నా పనిలో ఒక భాగం. దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు, ‘మన కష్టాల గురించి కూడా కొంచెం పెడదామా?’ అని. పెట్టొచ్చు. కానీ అది చెప్పడానికి చాలా దారులున్నాయి, ఒక్కో దారిదీ ఒక్కో ఖర్చు. కొన్ని మొదట చవగ్గా కనిపించి పదేళ్ల తర్వాత వడ్డీతో సహా వసూలు చేస్తాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూద్దాం. పాడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను గానీ, ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికి వినేవాళ్లకూ ఇది పనికొస్తుంది.

ప్రతి దారినీ మూడు ప్రశ్నలతో కొలుస్తాను. ఈ మాట కాదనగలిగినవాళ్లు ఎవరున్నారు? ఇవాళ మీ ఒంటిమీద, ఇంట్లో కనిపిస్తున్న డబ్బుకి ఇది పొసగుతుందా? నలభై ఏళ్లప్పుడు, అరవై ఏళ్లప్పుడు కూడా ఇదే మాట సిగ్గుపడకుండా చెప్పగలరా?

విక్టోరియా కావాలని అబద్ధం చెప్పిందని నేననుకోను. వాళ్ల నాన్నది ఎలక్ట్రానిక్ సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం. సొంతంగా వ్యాపారం నిలబెట్టిన మనిషి కష్టపడకుండా ఉండడు. చిక్కల్లా ఏంటంటే, కష్టపడే కుటుంబం వేరు, వర్కింగ్ క్లాస్ వేరు. మొదటిది చెమటకి సంబంధించింది. రెండోది, ఒక నెల జీతం రాకపోతే ఆ ఇంట్లో ఏమవుతుందన్నదానికి సంబంధించింది. ఇంటర్వ్యూల్లో ఎక్కువమంది కాలు జారేది ఈ రెండు మాటల మధ్యే.

‘నేనింకా ఆ పాత మనిషినే’

అందరికీ ముందు తట్టే దారి ఇది. అన్నిటికన్నా ప్రమాదమైందీ ఇదే.

అమెరికా గాయని, నటి జెన్నిఫర్ లోపెజ్ 2002లో ‘జెన్నీ ఫ్రమ్ ద బ్లాక్’ పాడింది. నా నగలు చూసి మోసపోకండి, నేనింకా మా వీధి జెన్నీనే అన్నది ఆ పాట సారాంశం. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, కాసిల్ హిల్ అనే పేటలో ఆమె పెరిగిన మాట నిజం. అందులో ఎవరూ తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ పాట వీడియోలో అప్పటి ప్రియుడు బెన్ ఆఫ్లెక్‌తో కలిసి యాట్ మీద ఎండలో సేదతీరుతూ కనిపిస్తుంది. ఫొటోగ్రాఫర్లు తమను ఎలా వెంటాడుతున్నారో చూపించడమే ఆ వీడియో ఉద్దేశం కావచ్చు. చూసినవాళ్లకు గుర్తుండిపోయింది మాత్రం యాటే. ఇరవై రెండేళ్లు గడిచాక, 2024లో కూడా ఆమె బ్రాంక్స్ రోజుల గురించి అన్న చిన్నచిన్న మాటల్ని పట్టుకుని సోషల్ మీడియాలో జనం ఆటపట్టించారు.

ఇక్కడ దెబ్బకొట్టేది ‘ఇంకా’ అన్న మాట. ‘ఉండేదాన్ని’ అంటే గతం, దాన్ని ఎవరూ మీ దగ్గర్నుంచి లాక్కోలేరు. ‘ఉన్నాను’ అంటే మాత్రం ప్రతిరోజూ రుజువు చూపించాలి. వినేవాడు మీ ఇల్లు చూస్తాడు, కారు చూస్తాడు, మీరు మాట్లాడుతున్న సోఫా ఖరీదు కూడా లెక్కేస్తాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని లోకం తిడుతుంది, నిజమే. అలాగని ఏరు దాటిన ఇరవై ఏళ్ల తర్వాత కూడా తెప్పను నెత్తిన పెట్టుకుని తిరిగితే నవ్వుతుంది.

తమాషా ఏంటంటే, లోపెజ్ దగ్గర దీనికన్నా ఎంతో మంచి కథ ఉంది. పద్దెనిమిదేళ్ల వయసులో, కాలేజీ వద్దు డాన్సే కావాలని తల్లితో పోట్లాడి ఇంట్లోంచి వచ్చేసి, డాన్స్ స్టూడియోలోని సోఫా మీద పడుకున్నానని ఆమె ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. అందులో పేదరికం అన్న మాటే లేదు. ఒక సోఫా, ఒక మొండిపట్టు, అంతే. నేనైతే వీధి మొత్తాన్ని వదిలేసి ఆ ఒక్క సోఫానే పట్టుకునేవాణ్ణి.

ఈ దారి ఎవరికి సరిపోతుంది? నిజంగానే పాత వీధిలో, పాత ఇంట్లో ఉంటున్నవాళ్లకి. స్టార్లలో అలాంటివాళ్లు చాలా తక్కువ.

ఒక్క వస్తువు పట్టుకుని చెప్పడం

నన్నడిగితే మిగతా అన్నిటికన్నా గట్టి దారి ఇదే. దీనికి అమెరికా గాయని డాలీ పార్టన్‌ను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆమె 1946లో అమెరికాలోని టెన్నెసీ కొండ ప్రాంతంలో, పన్నెండుమంది పిల్లల్లో నాలుగోదానిగా పుట్టింది. ఒకే గది ఉన్న చెక్క ఇల్లు. పురుడు పోసిన డాక్టరుకి ఫీజు ఇవ్వడానికి డబ్బుల్లేక తండ్రి ఒక సంచి మొక్కజొన్న పిండి ఇచ్చాడు. ‘మేం చాలా పేదవాళ్లం’ అని వందసార్లు చెప్పినా ఆ పిండి సంచి చెప్పినంత చెప్పదు.

చిన్నప్పుడు తల్లి గుడ్డపేలికలు కలిపి ఆమెకు ఒక కోటు కుట్టింది. దాన్ని వేసుకుని మురుసుకుంటూ బడికి వెళితే పిల్లలంతా నవ్వారు. ఆ కోటు మీదే ఆమె రాసిన ‘కోట్ ఆఫ్ మెనీ కలర్స్’ 1971లో విడుదలైంది. ఆ పాట పుట్టిన తీరు ఇంకా బాగుంటుంది. తన టీవీ షోలో ఆమెకు చోటిచ్చిన గాయకుడు పోర్టర్ వ్యాగనర్‌తో కలిసి బస్సులో టూర్ వెళుతుండగా ఆమెకు ఆ పాట తట్టింది. చేతికి కాగితం దొరకలేదు. వ్యాగనర్ తళుకుల సూటుకి డ్రై క్లీనింగ్ చేయించిన రసీదు కనిపిస్తే దాని వెనకాల రాసేసింది. పేలికల కోటు పాట, ఖరీదైన సూటు రసీదు మీద. ఎక్కడి నుంచి వచ్చిందో ఒకవైపు, ఎక్కడికి చేరిందో రెండోవైపు, అంతా ఒక్క కాగితం మీద. అందులో ఏ వైపునూ ఆమె ఎప్పుడూ దాచలేదు.

డబ్బు సంగతి కూడా అంతే. ఇంత చవగ్గా కనిపించాలంటే చాలా ఖర్చవుతుందని తన విగ్గుల మీద, మేకప్ మీద తనే జోకులేస్తుంది. కాబట్టి ఎవరైనా వచ్చి ‘నీకు బోలెడు డబ్బుంది కదా’ అంటే అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మూడు ప్రశ్నలకీ ఇక్కడ జవాబు దొరికినట్టే. కాదనడానికి ఎవరూ లేరు, ఎందుకంటే ఆ ఇంట్లో పెరిగిన తోబుట్టువులే సాక్షులు. పొసగకపోవడమనే సమస్య లేదు, కథంతా గతంలో ఉంది. ఎనభయ్యో పడిలో పడ్డాక కూడా ఆమె అదే కోటు కథ చెబుతోంది, జనం అదే ఇష్టంతో వింటున్నారు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఈ దారిలో నడవాలంటే చేతిలో నిజంగా ఒక వస్తువు ఉండాలి. కోటు లేనివాడు కోటు కథ చెప్పలేడు. మీ బాల్యం మధ్యరకంగా, పెద్ద లోటు లేకుండా గడిచి ఉంటే ఇది మీకు కాదు, దీని నకలు అసలే వద్దు.

కలిపి చెప్పడం, కల్పించి చెప్పడం

‘కొంచెం పెంచుదాం, ఎవరు చూడొచ్చారు?’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండు కథలు చెబుతాను. రెండిట్లోనూ దొరికిపోయారు, ఒకరు మునిగారు, ఒకరు తేలారు.

అమెరికా ర్యాపర్ వెనిల్లా ఐస్ పాట ‘ఐస్ ఐస్ బేబీ’ 1990లో అమెరికా పాటల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానానికి ఎక్కింది. ఆ స్థానానికి చేరిన మొట్టమొదటి ర్యాప్ పాట అదే. అతను మయామీ వీధుల్లో కరుకుగా పెరిగాడని ప్రచారం కోసం పంచిన బయో చెప్పింది. డల్లాస్ మార్నింగ్ న్యూస్ పత్రిక ఆరా తీస్తే, అతని కుర్రతనం చాలావరకు డల్లాస్ శివార్లలోని మధ్యతరగతి వాతావరణంలో గడిచిందని బయటపడింది. ఆ తర్వాత అతని పేరే ఒక జోకైపోయింది. పాట మాత్రం ఇప్పటికీ పార్టీల్లో మోగుతూనే ఉంటుంది, అది వేరే సంగతి.

గాయకుడు, పాటల రచయిత బాబ్ డిలన్ అంతకు చాలా ముందే ఇదే పని చేశాడు. పందొమ్మిది, ఇరవై ఏళ్ల వయసులో న్యూయార్క్ వచ్చి, చిన్నప్పుడు కార్నివాల్ బృందంతో ఊళ్లు తిరిగానని, తల్లిదండ్రులతో సంబంధాల్లేవని చెప్పుకున్నాడు. 1963 నవంబరులో న్యూస్‌వీక్ పత్రిక గుట్టు విప్పింది. అసలు పేరు రాబర్ట్ జిమ్మర్‌మన్, మిన్నెసోటాలోని హిబ్బింగ్ అనే ఊరు, తండ్రికి ఇంటి సామాన్లమ్మే షాపు. అంతకన్నా ఇబ్బందైన సంగతి ఇంకోటుంది. సంబంధాల్లేవన్న ఆ తల్లిదండ్రులే కొడుకు కచేరీ చూడటానికి న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌కి వచ్చి ఉన్నారు.

మరి డిలన్ ఎలా నిలబడ్డాడు? అతని పాటలు ఆ కట్టుకథ మీద ఆధారపడి లేవు. గతం పీకేసినా పాట అలాగే నిలబడింది. వెనిల్లా ఐస్ విషయంలో, ‘వీడు ఆ వీధి నుంచి వచ్చాడు’ అన్న నమ్మకమే సరుకు. అది పోయాక కొట్టు ఖాళీ. డిలన్‌లా 2016లో సాహిత్య నోబెల్ తెచ్చుకున్నంత మనిషి మీరైతే కల్పించుకోండి, నేను అడ్డురాను. మిగతావాళ్లం ఈ దారి జోలికి వెళ్లకపోవడమే మంచిది. పైగా అప్పట్లో ఒక పత్రిక విలేకరి ఊళ్లు తిరిగి తెలుసుకోవాల్సింది, ఇప్పుడు మీ క్లాస్‌మేట్ ఒక పాత గ్రూప్ ఫొటో పోస్ట్ చేస్తే అయిపోతుంది.

పాటలో పెంచి చెప్పడం వేరు అంటారు కొందరు. నిజమే, కొంతవరకు. ర్యాపర్ ద నొటోరియస్ బి.ఐ.జి. 1994 నాటి పాట ‘జూసీ’లో ఒంటిగది గుడిసె ప్రస్తావన ఉంది. అతని తల్లి వోలెట్టా వాలెస్ చిన్నపిల్లల టీచరు, ఒంటరిగా ఉండి బ్రూక్లిన్‌లో కొడుకుని పెంచింది. ఆ గుడిసె మాట ఆమె ఒప్పుకోలేదు. పాట వింటున్నవాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు కూడా, ఎందుకంటే ర్యాప్‌లో ‘నేను’ అంటే కొంత నేను, కొంత నా పేట. కానీ ఆ తల్లి వైపు నుంచి ఒక్కసారి ఆలోచించండి.

నాకు ఆ అనుభవం ఉంది. ఒక గాయని బయోలో ‘కడు పేదరికం నుంచి పైకొచ్చిన’ అని రాశాను, తనే అడిగింది కాబట్టి. బయో బయటికొచ్చిన మర్నాడు వాళ్లమ్మ ఫోన్ చేసింది. తిట్టలేదు. ‘బాబూ, దానికి మేం ఏ రోజు ఏం తక్కువ చేశామో చెప్పు, రాసుకుంటాను’ అంది. నా దగ్గర సమాధానం లేదు. పేదరికం అనేది పిల్లలకి కథ, పెద్దవాళ్లకి నింద. ఆ రోజు నుంచి ఏ బయో రాసినా ఇంట్లో పెద్దవాళ్లకి ముందు చదివి వినిపించమంటున్నాను.

తాతల కష్టం అరువు తెచ్చుకోవడం

‘తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి’ అని సామెత. దీన్ని తలకిందులు చేస్తే ఈ దారి వస్తుంది. తాతలు గంజి తాగారు, మా మూతులు వాసన చూడండి.

ఇది స్టార్ల జబ్బు మాత్రమే కాదు. బ్రిటన్‌లో సామ్ ఫ్రీడ్‌మన్, డేవ్ ఓబ్రయన్, ఇయన్ మెక్‌డొనల్డ్ అనే సోషియాలజిస్టులు 2021లో ఒక పరిశోధన ప్రచురించారు. నటులు, టీవీవాళ్లు, అకౌంటెంట్లు లాంటి మంచి ఉద్యోగాలున్న 175 మందితో మాట్లాడారు. అందులో 36 మంది మధ్యతరగతి ఇళ్లలో పెరిగి కూడా తాము వర్కింగ్ క్లాస్ నుంచి వచ్చామని చెప్పుకున్నారు. తమ కథ మొదలుపెట్టమంటే తల్లిదండ్రుల దగ్గరో, తాతల దగ్గరో మొదలుపెట్టారు. వీళ్లు అబద్ధాలాడుతున్నారని కాదు, చాలావరకు తమ మాట తామే నమ్ముతున్నారు. కానీ ఆ కథ చెప్పడం వల్ల తమ విజయం మొత్తం ప్రతిభ, కష్టం వల్లే వచ్చినట్టు కనిపిస్తుందని, ఇంట్లోంచి అందిన ఆసరా కనుమరుగవుతుందని పరిశోధకులు తేల్చారు.

మీకు ఈ దారి కావాలంటే ఒకటే షరతు. కష్టం ఎవరిదో పేరు పెట్టి చెప్పండి. ‘మా తాత గని కార్మికుడు, మా నాన్న మేనేజరు, నేను పియానో క్లాసులకి వెళ్లాను’ అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, పైగా కుటుంబం ఎలా పైకొచ్చిందో తెలుస్తుంది. మధ్యలో నాన్నని ఎగరగొట్టి ‘గని కార్మికుల కుటుంబం నుంచి వచ్చాను’ అంటే డేవిడ్ బెక్‌హమ్‌లాంటివాడు ఎవడో తలుపు సందులోంచి తొంగిచూస్తాడు.

‘ఇది నా కథ కాదు’ అని ఒప్పేసుకోవడం

అమెరికా రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ యాభై ఏళ్లుగా ఫ్యాక్టరీ మనుషుల గురించి పాడుతున్నాడు. 2017లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో స్టేజి మీద ఒంటరిగా నిలబడి, తానెప్పుడూ ఫ్యాక్టరీ లోపల అడుగుపెట్టలేదని, జీవితంలో నిఖార్సైన ఉద్యోగం ఒక్కటీ చేయలేదని, అయినా రాసిందంతా దాని గురించేనని చెప్పేశాడు. జనం చప్పట్లు కొట్టారు. తాను వేసుకున్నది తన తండ్రి బట్టలని, తన గొంతులో పలికింది తండ్రి జీవితమని ఆయన చెప్పిన తీరు అది. తాతల కష్టం అరువు తెచ్చుకోవడానికీ దీనికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. అరువు తెచ్చుకున్నదాన్ని అరువేనని చెప్పాడు.

మధ్యతరగతి నుంచి వచ్చి కిందివాళ్ల జీవితాల గురించి రాసే గాయకులకి నేను మొదట చూపించే దారి ఇదే. కానీ ఇదేమీ జీవితకాలం గ్యారంటీ కాదు. 2022లో ఆయన టూర్ టికెట్లు డిమాండ్‌ని బట్టి రేటు పెరిగే పద్ధతిలో అమ్మితే, కొన్ని సీట్లు 5,000 డాలర్ల దగ్గరకు వెళ్లాయి. అభిమానులు మండిపడ్డారు. 1980 నుంచి ఆయన కోసమే నడిచిన అభిమానుల పత్రిక ‘బ్యాక్‌స్ట్రీట్స్’ 2023లో మూతపడింది, ఆ టికెట్ల వ్యవహారంతో మనసు విరిగిందని నడిపినవాళ్లు రాశారు. మాటతో ఎంత నిజాయితీగా ఉన్నా, అభిమాని చివరికి మిమ్మల్ని కొలిచేది టికెట్ కౌంటర్ దగ్గర. మేనేజర్లు ఈ పాయింట్ వినడానికి ఇష్టపడరు.

మాట్లాడకపోవడం

బీటిల్స్‌లో నలుగురివీ నాలుగు ఇళ్లు. జాన్ లెనన్ ఐదేళ్ల వయసు నుంచి లివర్‌పూల్‌లోని వూల్టన్‌లో, మిమీ పెద్దమ్మ ఇంట్లో పెరిగాడు. ‘మెండిప్స్’ అని పేరున్న ఆ ఇల్లు నలుగురి ఇళ్లలోకీ మెరుగైంది. 1970లో ‘వర్కింగ్ క్లాస్ హీరో’ రాసింది అతనే. అది తన పేదరికం గురించి కాదు, మనుషుల్ని వ్యవస్థ ఎలా తొక్కుతుందన్న కోపం గురించి అని అతని తరఫున వాదించొచ్చు, నేనూ అలాగే వింటాను. అయినా ఆ టైటిల్ చూసి నవ్వినవాళ్లు తక్కువేం కాదు.

బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ పెరిగింది డింగిల్ అనే పేటలో, మరుగుదొడ్డి పెరట్లో ఉండే వరస ఇంట్లో. ఆరేళ్లప్పుడు అపెండిక్స్ పగిలి దాదాపు ఏడాది ఆస్పత్రిలో ఉన్నాడు. పదమూడేళ్లప్పుడు మళ్లీ ఊపిరితిత్తుల జబ్బుతో రెండేళ్లు శానటోరియంలో. పిల్లలు మంచాల్లో ఖాళీగా పడి ఉండకుండా అక్కడ ఒక చిన్న బ్యాండ్ పెట్టారు. మంచం పక్కనున్న బీరువాని దారపు కండెలతో వాయిస్తూ అతను దరువు నేర్చుకున్నాడు. చదువు అక్కడితో సరి. ఇంత సరుకున్న మనిషి, దాన్ని జెండాలా పట్టుకుని తిరగలేదు. అడిగితే చెబుతాడు, అదీ జోకులేస్తూ.

నిజంగా చూసినవాళ్లు చాలామంది తక్కువే మాట్లాడతారని నాకనిపిస్తుంది. ఇది సూత్రం కాదు, డాలీ ఉంది కదా అడ్డంగా. కానీ మౌనం కూడా ఒక ఎంపికేనని, బయోలో ఆ గడి ఖాళీగా వదిలేయొచ్చని చాలామందికి తట్టదు. కలిగినింట్లో పుట్టినవాళ్లకైతే ఇదీ, లేదంటే సూటిగా ‘మా ఇంట్లో లోటు లేదు, అందువల్ల నాకు టైమ్ దొరికింది’ అని చెప్పేయడమూ, రెండే మంచి దారులు. 2022 డిసెంబరులో న్యూయార్క్ మ్యాగజీన్ ‘నెపో బేబీ’ల మీద, అంటే పేరున్నవాళ్ల పిల్లలై పేరు తెచ్చుకున్నవాళ్ల మీద కవర్ స్టోరీ వేశాక ఉలిక్కిపడి వివరణలిచ్చినవాళ్లకన్నా, అవును నిజమే అని ఒక్కమాట అని పని చూసుకున్నవాళ్లే సుఖపడ్డారు.

మరి ఏది తీసుకోవాలి?

చేతిలో ఒక వస్తువు, దానికి సాక్షులు ఉంటే డాలీ దారి. పాటలో మీది కాని జీవితం ఉంటే స్ప్రింగ్‌స్టీన్ దారి. కలిగినిల్లయితే ఒప్పుకోలు, కాదంటే మౌనం. ‘ఇంకా అదే మనిషిని’ అన్నదాన్నీ, కల్పననీ నేనైతే ఎవరికీ సిఫార్సు చేయను.

కష్టమైన కేసు మధ్యలో ఉన్నవాళ్లది. కెనడా ర్యాపర్ డ్రేక్‌ని చూడండి. 2013లో అతని పాట ‘స్టార్టెడ్ ఫ్రమ్ ద బాటమ్’ (అట్టడుగు నుంచి మొదలయ్యాం) వచ్చినప్పుడు, టొరంటోలోని ఫారెస్ట్ హిల్ లాంటి డబ్బున్న పేటలో పెరిగి, పదిహేనేళ్లకే టీవీ సీరియల్లో నటించినవాడికి అట్టడుగు ఎక్కడిదని ఎగతాళి చేశారు. కానీ ఫారెస్ట్ హిల్‌లో వాళ్లుండేది ఒక ఇంట్లో కొంత భాగం అద్దెకు తీసుకుని. తల్లి ఒంటరిగా పెంచింది, ఆమెకి ఆరోగ్యం బాగుండేది కాదు, అతను ఉండేది బేస్‌మెంట్‌లో. చుట్టూ ఉన్నవాళ్లతో పోల్చుకుంటే అది తక్కువే, పక్క పేటవాళ్లతో పోల్చితే ఎక్కువే. తప్పల్లా ‘బాటమ్’ అన్న ఒక్క మాటలో ఉంది. అట్టడుగు అనగానే వినేవాళ్లు తమకు తెలిసిన అట్టడుగు తెచ్చి పక్కన పెట్టి కొలుస్తారు. ‘డబ్బున్న వీధిలో అద్దె ఇల్లు’ అని ఉంటే? అందులో ఎంత అసూయ, ఎంత సిగ్గు, ఎంత పట్టుదల దాగున్నాయో వేరే చెప్పక్కర్లేదు. మీ కథ మధ్యరకందైతే దాని అసలు కొలత ఎంతో అంతే చెప్పండి, గోరంతని కొండంత చేయొద్దు. ఆ కొలతలోనే కొత్తదనం ఉంటుంది, ఎందుకంటే అందరూ అట్టడుగు కథే చెబుతున్నారు.

చేతల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది ఏ దారికైనా తోడుగా వస్తుంది. డాలీ తండ్రికి చదవడం, రాయడం రాదు. ఆ కారణంతోనే ఆమె 1995లో సొంత జిల్లాలో, పుట్టిన దగ్గర్నుంచి ఐదేళ్లు వచ్చేవరకు పిల్లలకి నెలకో పుస్తకం ఉచితంగా పంపే లైబ్రరీ మొదలుపెట్టింది. అది వేరే దేశాలకి కూడా పాకి, ఇప్పటికి 20 కోట్లు దాటి పుస్తకాలు పంచింది. గమనించాల్సింది అంకె కాదు. లోటు ఏదో, సాయం సరిగ్గా దాని మీదే పెట్టింది. కెమెరాల ముందు ఒకరోజు దుప్పట్లు పంచితే అది చేతల కింద జమ కాదు, మాటలకిందే జమ.

దొరికిపోయాక ఏం చేయాలన్నది చాలామంది అడిగే ప్రశ్న. విక్టోరియా చేసిన పని చేయండి. ఆమె వివరణ ఇవ్వలేదు, మనోభావాలు దెబ్బతిన్నాయనలేదు. మరుసటి ఏడాది ‘మా నాన్నకు రోల్స్ రాయిస్ ఉండేది’ అని అచ్చేసిన తెల్ల టీషర్టు వేసుకుని ఫొటో పెట్టింది, తన బ్రాండ్ మీద దాన్ని అమ్మింది కూడా, 110 పౌండ్లకి. ఆ ధర చూస్తే వర్కింగ్ క్లాస్ వాదన పూర్తిగా వదులుకున్నట్టే. జనం కూడా వదిలేశారు.

ఇంతకీ ఆ గాయని బయో. అమ్మగారి ఫోన్ తర్వాత ముగ్గురం కూర్చున్నాం. ‘కడు పేదరికం’ కొట్టేశాను. దాని చోట్లో ఏం పెట్టాలో ఎవరికీ తోచలేదు. ఇంటి గురించి ఏదైనా చెప్పమంటే అమ్మగారే అన్నారు, వాళ్లాయన చాలా ఏళ్లు రాత్రి షిఫ్టు చేసేవారని, పగలంతా ముందుగదిలో నిద్రపోతుంటే పిల్ల వెనకగదిలో గొంతు పెగలకుండా ప్రాక్టీస్ చేసేదని. నేను ఆ అమ్మాయి వైపు చూశాను. విమర్శకులంతా మెచ్చుకునేది తను మెల్లగా పాడే తీరునే. అది ఎక్కడి నుంచి వచ్చిందో తనకీ ఆ రోజే తెలిసినట్టుంది. ఇప్పుడు బయోలో ఆ ఒక్క వాక్యమే ఉంది.